నడుం వంచి లెక్క చూపే రివాల్వర్

కర్నూలోడైనా కడపోడైనా, చేతికి కొత్తగా లైసెన్సు పుస్తకం వచ్చినవాడు తుపాకుల దుకాణంలో అడిగే మొదటి మాట దాదాపు ఒకటే ఉంటుంది: "అన్నా, నైన్ ఎమ్ఎమ్ ఉంటే సూపీ." దుకాణదారు నవ్వి, "అది పోలీసోళ్లదప్పా, మనకియ్యరు" అంటాడు. సినిమాల్లో హీరో నడుముకు దోపుకొనే నల్లటి పిస్టల్ మీద పెట్టుకున్న ఆశ అక్కడికి తీరిపోతుంది. తర్వాత అద్దాల బీరువాలోంచి బయటికొచ్చేది పొట్టి మూతి, ఆరు తూటాలు, లావుపాటి పిడి ఉన్న కాన్పూరు .32 రివాల్వర్. కొత్తవాడి ముఖం కాస్త వాడుతుంది. అలా వాడాల్సిన పని లేదని, ఆ రివాల్వర్‌ను తిప్పి తిప్పి చూస్తే మన దేశపు కర్మాగారాల పనితనంలో మెచ్చుకోదగ్గది చాలా కనిపిస్తుందని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు చట్టం సంగతి. 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద 2016లో తిరగరాసిన నియమాలు తుపాకులను రెండు జాతులుగా విడదీశాయి: నిషిద్ధ బోరు, నిషేధం లేని బోరు. 9 ఎంఎం పిస్టల్ మొదటి జాతిది. కలెక్టరు ఇచ్చే మామూలు లైసెన్సు మీద చేతి తుపాకీ అంటే ప్రధానంగా .32, .22. పైగా 1980ల నడిమి నుంచి సామాన్య పౌరుడు విదేశీ తుపాకీని దిగుమతి చేసుకునే దారి మూసుకుపోయింది. పేరున్న షూటింగ్ క్రీడాకారులకే ఆ వెసులుబాటు మిగిలింది. అందువల్ల తాతలనాటి ఇంగ్లీషు, జర్మనీ తుపాకీ ఏదైనా అమ్మకానికొస్తే దాని పనితనం కన్నా అరుదుతనమే ఎక్కువ ధర పలుకుతుంది. అమెరికాలో మొదటి పిస్టల్ కొనేవాడు వందల రకాల మధ్య నెలల తరబడి కొట్టుమిట్టాడతాడు. మనవాడి ఎంపికలో మూడొంతులు ప్రభుత్వమే చేసి పెట్టింది.

సీమలో తుపాకీ అనగానే ఫ్యాక్షన్ గుర్తుకు రావడం సహజం కానీ ఆ కక్షల కాలంలోనూ సీమ పల్లెల్ని వణికించినవి ప్రధానంగా నాటు బాంబు, వేటకొడవలి. లైసెన్సు రివాల్వర్ వేరే లోకానిది. ప్రొద్దుటూరు బంగారు వ్యాపారి, నాపరాయి గనుల యజమాని, నగదుతో రాత్రిపూట తిరిగే కాంట్రాక్టరు, పదవీ విరమణ చేసిన సైనికుడు, వీళ్లది ఆ లోకం. వీళ్లలో చాలామందికి తుపాకీ ఒక్కటే ఉంటుంది. చట్టం ప్రకారం గరిష్ఠంగా రెండు ఉండొచ్చు. 2019 సవరణకు ముందు మూడు ఉండేవి. అదే సవరణ లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచింది. ఆ ఒక్క తుపాకీతోనే గురి నేర్చుకోవాలి, దాన్నే ఇంట్లో ఉంచుకోవాలి, అవసరమైతే దాన్నే వెంట తీసుకుపోవాలి. మూడు పనులకు ఒకే పనిముట్టు అన్నప్పుడు ఏదో ఒక పనిలో రాజీ తప్పదు. కాన్పూరు రివాల్వర్ ఎక్కడ రాజీ పడిందో, ఎక్కడ పడలేదో చూడాలి.

చేతిలోకి తీసుకోండి. నిడివి 18 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. బ్యారెల్ మూడంగుళాలు. ఖాళీగా తూస్తే దాదాపు 700 గ్రాములు. బరువు ఎక్కువని కొత్తవాడు అనుకుంటాడు గానీ పేల్చినప్పుడు మణికట్టుకు తగిలే తన్నును మింగేది ఆ బరువే.

ఎడమపక్క, హ్యామర్ కిందుగా, బొటనవేలికి అందేచోట గరుకు గీతలు కోసిన చిన్న మీట ఉంటుంది. మూతిని ఎవరి వైపూ తిప్పకుండా, ట్రిగ్గర్‌కు వేలు దూరంగా ఉంచి ఆ మీటను నొక్కితే పైన బ్యారెల్ పట్టీని పట్టుకొని ఉన్న రికాబు ఆకారపు గడియ వదులవుతుంది. ఇప్పుడు బ్యారెల్‌ను కిందికి వంచండి. తుపాకీ నడుం దగ్గర కీలు మీద రెండుగా మడతపడుతుంది. మడుస్తున్న కొద్దీ సిలిండర్ నడిమధ్య నుంచి నక్షత్రం ఆకారపు ఉక్కు బిళ్ల పైకి లేస్తుంది. ఆరు తూటాల అంచులూ ఆ నక్షత్రం మీదే కూర్చొని ఉంటాయి కాబట్టి ఆరింటినీ అది ఒక్కసారే లేపుతుంది. వంచడం పూర్తయ్యే చివరి క్షణంలో లోపలి మీట జారి, నక్షత్రం టక్కుమని మళ్లీ తన గుంటలో పడుతుంది. ఆలోపే ఖాళీ ఇత్తడి తొడుగులు ఆరూ నేల మీద ఉంటాయి. వేలితో లాగే పని లేదు, పుల్లతో పొడిచే పని లేదు. ఒక్క కీలు తిరుగుడులోంచి మూడు పనులు రాబట్టిన ఈ ఏర్పాటు మొదట చూసినవాడెవడైనా రెండోసారి మూసి తెరవక మానడు.

కొత్తవాడికి దీనిలో ఉన్న అసలు లాభం ఇంకొకటి. తెరవగానే ఆరు గదులూ కంటికి ఎదురుగా ఉంటాయి. తూటా ఉందా లేదా అన్న అనుమానానికి తావే లేదు. మ్యాగజైన్ పిస్టల్‌లో మ్యాగజైన్ తీసేశాక కూడా బ్యారెల్ గదిలో ఒక తూటా దాక్కొని ఉండొచ్చు. ఇళ్లలో "ఖాళీదే అనుకున్నా" అంటూ జరిగే ఘోరాలకు మూలం చాలాసార్లు ఆ ఒక్క తూటాయే. నడుం వంచితే మొత్తం లెక్క చూపించే తుపాకీ ఇంటి బీరువాలో ఉండాల్సిన తుపాకీ. రూపకర్త దీన్ని తూటాలు త్వరగా నింపడానికి చేశాడు. నూటముప్పై ఏళ్ల తర్వాత దాని విలువ ఇంకో వైపు నుంచి తెలుస్తోంది.

సిలిండర్ దగ్గర ఇంకాస్త ఆగాలి. ఆరు గదులు 60 డిగ్రీల ఎడంతో తొలచి ఉంటాయి. ఆ ఎడంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ గదిలోని తూటా బ్యారెల్‌కు ఎదురుగా రాదు. నక్షత్రపు బిళ్లను సిలిండర్‌లో కూర్చోబెట్టి, రెండింటినీ కలిపే గదులు తొలవడం రివాల్వర్ల తయారీలో సాధారణ పద్ధతి. అందుకే ఒక తుపాకీ నక్షత్రం ఇంకో తుపాకీకి సరిగ్గా అమరదు. ట్రిగ్గర్ నొక్కడం మొదలవగానే లోపలి నుంచి ఒక చిన్న పంజా లేచి నక్షత్రం వెనకున్న పళ్లలో ఒకదాన్ని నెడుతుంది. సిలిండర్ ఆరో వంతు తిరుగుతుంది. తిరగడం ముగిసే చోట కింది నుంచి ఇంకో ఉక్కు ముక్క లేచి సిలిండర్ గాడిలో పడి దాన్ని బిగించేస్తుంది. ఇదంతా అయ్యాకే హ్యామర్ పడాలి. ముందు పడితే ప్రమాదం. ఈ వరస తప్పకుండా చూసేది రెండు మూడు ఉక్కు ముక్కల కొలతలే, మరే కాపలాదారూ లేడు. ఇంత జాగ్రత్త పడ్డాక కూడా మిగిలే సూక్ష్మమైన తేడాను క్షమించడానికి బ్యారెల్ వెనక అంచును గరాటులా కొద్దిగా విప్పి కోస్తారు. తూటా కాస్త పక్కకొచ్చినా ఆ వాలు దాన్ని దారిలో పెడుతుంది. మనిషి చేతిపనిలో తప్పు తప్పదని ముందే ఒప్పుకొని, ఆ తప్పుకు చోటు వదిలిన పనితనం ఇది. నాకు ఈ తుపాకీలో అన్నిటికన్నా నచ్చిన కోత అదే.

పేల్చే తీరు రెండు రకాలు. హ్యామర్‌ను బొటనవేలితో వెనక్కి లాగి పెట్టి, తర్వాత ట్రిగ్గర్‌ను తేలిగ్గా తాకడం ఒకటి. గురి నేర్చుకునేటప్పుడు ఇది హాయి. హ్యామర్ ముట్టుకోకుండా ట్రిగ్గర్‌నే పొడుగ్గా, బలంగా లాగడం రెండోది. కాన్పూరు రివాల్వర్‌లో ఈ రెండో లాగుడు బరువు. వేలు వణుకుతుంది, దానితోపాటే మూతి కదులుతుంది. సాధన లేనివాడు అయిదు మీటర్ల దూరంలోని పలక మీద కూడా గురి తప్పుతాడు. దీన్ని లోపమని కొందరంటారు. ఇంట్లో, ఆదుర్దాలో, చీకట్లో చేతికొచ్చే తుపాకీకి ఆ బరువే కాపలా అని నేనంటాను.

తూటా దగ్గరికి వద్దాం. దాని పూర్తి పేరు .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్. 1896లో స్మిత్ అండ్ వెసన్ తెచ్చింది. సీసపు గుండు 98 గ్రెయిన్లు, అంటే ఆరు గ్రాములకు కాస్త ఎక్కువ. నిదానమైనది, ఒత్తిడి తక్కువ. మన దేశంలో దీన్ని పుణె దగ్గరి ఖడ్కీ మందుగుండు కర్మాగారం తయారుచేస్తుంది. తొడుగు అడుగున కనిపించే కె.ఎఫ్. అక్షరాలు అక్కడివే. శక్తి విషయంలో దీన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఉన్నారు, తప్పులేదు. కానీ కీలు దగ్గర మడిచే ఫ్రేముకు ఇదే తగిన తూటా. పేలిన ప్రతిసారీ ఒత్తిడంతా పడేది ఆ గడియ మీద, ఆ కీలు మీద. బలమైన తూటా పెడితే కొన్నాళ్లకు గడియ వదులవుతుంది. అంటే ఈ తూటాకు ఈ తుపాకీ, ఈ తుపాకీకి ఈ తూటా. గురి సంగతంటారా, 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీల్లో ప్రపంచమంతటా క్రీడాకారులు కోరి వాడేది ఈ .32 లాంగ్ తూటానే. జస్పాల్ రాణా 2006 దోహా ఆసియా క్రీడల్లో 590 పాయింట్లతో ప్రపంచ రికార్డును సమం చేసింది ఆ సెంటర్ ఫైర్ విభాగంలోనే. పోటీ పిస్టల్‌కూ మూడంగుళాల బ్యారెల్‌కూ పోలిక లేదనుకోండి. తప్పు తూటాది కాదని చెప్పడమే నా ఉద్దేశం.

ఈ కీలు, ఈ గడియ కాన్పూరులో పుట్టినవి కావు. 1887లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న బర్మింగ్‌హాం వెబ్లీ రివాల్వర్‌లో ఈ రూపం స్థిరపడింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అది వెబ్లీ మార్క్ ఫోర్‌గా చిక్కింది. దాన్ని చూసే ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ కర్మాగారం తన సొంత రివాల్వర్ చేసుకుంది, వెబ్లీవాళ్లు పరిహారం కోసం కోట్లాడారు కూడా. ఆ మార్క్ ఫోర్ అచ్చునే .32కు కుదించి మన ఆర్డినెన్స్ కర్మాగారాలు పౌరులకు అమ్ముతున్నాయి. కాన్పూరులోని స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ 1942లో, యుద్ధం నడుమ పుట్టింది. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టినప్పుడు అది అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వెళ్లింది.

తుపాకీ తయారీ మన సీమకు బొత్తిగా తెలియని విద్యేం కాదు. 1652లో గండికోటకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తవెర్నియే ఒక ముచ్చట రాసిపెట్టాడు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గండికోటలో ఫిరంగులు పోతపోయించాలని ఒక ఫ్రెంచి పనివాడిని పెట్టాడు. చుట్టుపక్కల గుళ్ల నుంచి రాగి విగ్రహాలు తెప్పించి కరిగించబోయారు. చివరికి ఒక్క ఫిరంగీ తయారు కాలేదు. కొలిమి ఎంత పెద్దదైనా లోహం లొంగకపోతే పని లేదు. దీనికి దాదాపు రెండు శతాబ్దాల తర్వాత, 1839లో, కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో, జనానా తోటల్లో దాచిన ఆయుధాలను, ఫిరంగుల కొలుములను చూసి ఈస్టిండియా కంపెనీ దొరలు బిత్తరపోయారు. జోహరాపురం దగ్గర అక్టోబరులో పోరు జరిగింది, నవాబు పట్టుబడ్డాడు, కర్నూలు కంపెనీ చేతికి పోయింది. ఒక పట్టణం తన పనివాళ్ల నైపుణ్యం వల్లే రాజ్యం పోగొట్టుకున్న సందర్భం చరిత్రలో తరచుగా దొరకదు. ఆ పనివాళ్ల పేర్లు మాత్రం ఎవరూ రాయలేదు.

కాన్పూరు పనిలో వంక లేదా అంటే ఉంది. కొన్ని తుపాకుల లోపలి అంచుల్లో ఆకురాయి గీతలు అలాగే మిగిలిపోతాయి. నలుపు పూత ఒకచోట చిక్కగా, ఇంకోచోట పలచగా ఉంటుంది. బర్మింగ్‌హాం వాడు చివరి రోజు చేసే నునుపు పని ఇక్కడ తరచు కొనేవాడి వేలికే వదిలేస్తారు. ధర చూస్తే ఇది క్షమించరానిది. పోటీదారు లేనప్పుడు పనివాడికి ఆఖరి మెరుగు పెట్టాలన్న తహతహ తగ్గుతుంది. 2020 తర్వాత ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో వెబ్లీ అండ్ స్కాట్ పేరుతోనే .32 రివాల్వర్ల తయారీ మొదలవడం ఈ కారణంగా మంచిదే.

ఇదే కుటుంబంలోని మిగతావాటి మాట క్లుప్తంగా. 2014లో కాన్పూరు ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ మహిళల కోసమంటూ టైటానియం మిశ్రమంతో నిర్భీక్ తెచ్చింది. బరువు అర కిలో చిల్లర, అప్పటి ధర దాదాపు 1.22 లక్షలు. సంచిలో పెట్టుకోవడానికి తేలికే, కానీ తేలికైన తుపాకీ ఎక్కువ తంతుందన్న సంగతిని ప్రకటనల్లో చెప్పలేదు. 2023లో వచ్చిన ప్రబల్‌లో నడుం మడత లేదు, సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. ఫ్రేము ఒకే ముక్క కాబట్టి గట్టిది, గురిదూరం 50 మీటర్లని తయారీదారు మాట. ఈ రెండు పద్ధతుల్లో గట్టిదనం ప్రబల్‌దే అని ఒప్పుకోవాలి.

ఇక మన ఆర్డినెన్స్ కర్మాగారాల అశని పిస్టల్. అదీ .32నే, కానీ తూటా వేరు. .32 ఆటో అన్న ఆ తూటాను 1899లో జాన్ బ్రౌనింగ్ రూపొందించాడు. రివాల్వర్ తూటా పిస్టల్‌కు, పిస్టల్ తూటా రివాల్వర్‌కు వాడకూడదు. పేరులోని అంకె ఒకటే కావడంతో ఇక్కడ తికమక పడేవాళ్లుంటారు, లైసెన్సులో ఏముందో చూసి మరీ తూటాలు కొనాలి. పిస్టల్ పలచన, చొక్కా కింద కనబడదు. అయితే స్లైడు లాగడం, ఇరుక్కున్న తూటాను తీయడం, మ్యాగజైన్ స్ప్రింగు కనిపెట్టుకోవడం అనే విద్యలన్నీ దానికి కావాలి. నెలకోసారైనా రేంజికి వెళ్లేవాడికి అది బాగు. ఏడాదికోసారి దసరా ఆయుధపూజకు మాత్రమే బీరువా తెరిచేవాడికి రివాల్వరే బాగు.

కొనేటప్పుడు చేయాల్సిన పరీక్షలు పెద్ద విద్యేం కాదు. ముందు తెరిచి ఖాళీదని చూడండి. మూసేటప్పుడు గడియ ఒక్క శబ్దంతో పడాలి, రెండోసారి నొక్కాల్సి రాకూడదు. మూసిన తర్వాత బ్యారెల్‌ను, ఫ్రేమును పట్టుకొని అటూ ఇటూ ఊపితే కీలు దగ్గర కదలిక ఉండకూడదు. హ్యామర్‌ను మెల్లగా లాగుతూ ఆరు గదులకూ సిలిండర్ బిగుసుకుంటోందో లేదో వినండి. వెలుతురుకు ఎదురుగా పట్టి సిలిండర్‌కూ బ్యారెల్‌కూ నడుమ సందు ఆరు గదుల దగ్గరా ఒకేలా ఉందా చూడండి. ఒకచోట వెడల్పు, ఒకచోట ఇరుకు ఉంటే ఆ ముక్క వద్దని ఇంకోటి తెమ్మనండి. తెల్ల కాగితం వెనక పెట్టి బ్యారెల్ లోపలి మెలికల గీతలు చూడండి. పాతది కొంటుంటే ఫ్రేము మీది నంబరు, కాగితం మీది నంబరు ఒకటేనా అన్నది అన్నిటికన్నా ముందు.

మన ఎండ ఈ తుపాకీకి మేలే చేస్తుంది. విశాఖలో, కాకినాడలో ఉప్పు గాలికి ఉక్కు నెలల్లో ఎర్రబడితే కర్నూలు, కడపల్లో ఆ బెడద తక్కువ. మనకు శత్రువు దుమ్ము. క్వారీల రాతిపొడి, నల్లరేగడి ధూళి చిక్కటి గ్రీజుకు అంటుకొని లోపలి పంజాను నెమ్మది చేస్తాయి. పలచటి నూనె, అదీ చుక్కలో సగం, తుడిచేసినట్టు రాయాలి. ఇంకోటి, తోలు ఒరలో పెట్టి నెలల తరబడి బీరువాలో ఉంచకండి. తోలు ఊనే మందులు, దానిలోని చెమట ఉప్పు ఉక్కును తింటాయి. ఒర వెంట తీసుకుపోవడానికే, దాచడానికి కాదు. బహిరంగ ప్రదేశంలో తుపాకీ ఒరలోనే, కప్పి ఉండాలన్నది నియమం. పెళ్లిలో, జాతరలో గాల్లోకి పేల్చడం 2019 తర్వాత రెండేళ్ల దాకా జైలుకో లక్ష రూపాయల దాకా జరిమానాకో రెండింటికో దారి.

ఇంటి రక్షణ అన్న మాట గురించి ఒక హెచ్చరిక చెప్పాలి. సీమ ఇళ్లలో నేలంతా కడప బండలు, గోడలు రాయి. తప్పిన గుండు బండ మీద తగిలి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. వేసవిలో ఇంటిల్లిపాదీ మిద్దె మీద పడుకుంటారు. అటువంటి ఇంట్లో చీకట్లో తుపాకీ తీసేవాడికి తన మనుషులు ఎక్కడెక్కడ పడుకున్నారో నిద్రలో కూడా గుర్తుండాలి. ఆత్మరక్షణ హక్కును భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఇచ్చింది, హద్దులూ అక్కడే పెట్టింది. కొనేముందు ఒకసారి చదవడం మంచిది.

ఎన్నికలొస్తే, లైసెన్సులను పరిశీలించే స్క్రీనింగ్ కమిటీ చెప్పినవాళ్లు తుపాకీని స్టేషన్లో అప్పగించాలి. 2024 మే ఎన్నికలకు ముందూ ఇదే నడిచింది. అప్పగించేటప్పుడు తుడిచి, నూనె రాసి, నంబరుతో రసీదు తీసుకోండి. తిరిగి తెచ్చుకున్న రోజే తెరిచి చూసుకోండి.

నా తీర్పు ఇది. మొదటి తుపాకీ ఒక్కటే అయితే, సాధన తక్కువైతే, కాన్పూరు .32 రివాల్వరే తీసుకోండి. వెంట తీసుకుపోవడంలో కాస్త బరువు, రేంజిలో కాస్త పొట్టి, ఇంట్లో మాత్రం రాజీ లేదు. కానీ దరఖాస్తు పెట్టకముందే ఏదైనా రైఫిల్ క్లబ్బులో చేరి .177 ఎయిర్ పిస్టల్‌తో పది మీటర్ల పలక మీద కొన్నాళ్లు గురి నేర్చుకోండి. పరిమితికి లోబడిన శక్తి గల ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అక్కర్లేదు, హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన ఆట కూడా అదే. దానితో వేలు, ఊపిరి అదుపులోకి వచ్చాయనిపించాకే కలెక్టరేటు మెట్లెక్కండి.